చెబుదామనుకున్నాను, చెప్పబోయాను, చెప్పాల్సింది, చెప్పేవాణ్ణి

తోటి ఉద్యోగి పెళ్లికి వెళ్లలేకపోయారు. అతనిది లక్నో. సోమవారం ఆఫీసులో ఎదురుపడ్డాడు. అదే మన గుంటూరు కుర్రాడైతే “వద్దామనే అనుకున్నా బాసూ, తీరా బయల్దేరే టైముకి నాన్నకి ఒంట్లో బాగోలేదు” అని భుజం మీద చెయ్యేసేవారు. ఇతనితో మాత్రం “ఐ థాట్ టు కమ్... బట్... ఐ కుడ్ నాట్...” దగ్గర బండి ఆగిపోయింది. చివరికి “సారీ” అనే ఒక్క మాటతో గట్టెక్కారు. మీరు రాలేదన్న సంగతి అతనికి ముందే తెలుసు. టికెట్ కూడా తీసుకున్నారనీ, కొత్త చొక్కా ఇస్త్రీ చేయించి పెట్టుకున్నారనీ మాత్రం తెలియకుండానే పోయింది.

జరిగినవాటి గురించి ఇంగ్లిష్‌లో చెప్పడం మనవాళ్లకు బాగానే వచ్చు. వెళ్లాను, తిన్నాను, చూశాను వరకు ఎవరూ తడబడరు. జరగనివాటి దగ్గరే చిక్కు. అలాంటివి చెప్పాల్సిన అవసరం తక్కువేమీ కాదు. ఆలస్యమైన రిపోర్టు, చెయ్యని ఫోన్, వాయిదా పడ్డ ప్రయాణం, ఇంటర్వ్యూలో “పైచదువులకు ఎందుకు వెళ్లలేదు?” అన్న ప్రశ్న, అన్నీ ఈ కోవలోవే. సంజాయిషీ సరిగ్గా చెప్పలేనివాడు అబద్ధమాడుతున్నవాడిలా కనిపిస్తాడు. పాపం అతను చెప్పేది నిజమే అయివుంటుంది.

దీనికోసం గ్రామర్ పుస్తకం మొదటి పేజీ నుంచి తిరగెయ్యక్కర్లేదని నా అభిప్రాయం. ఇక్కడ కావలసిన తేడాలన్నీ తెలుగులో మీరు పొద్దున్నుంచి రాత్రి దాకా వాడుతూనే ఉన్నారు. పైన శీర్షికలో ఉన్న నాలుగు మాటలూ మళ్లీ ఒకసారి పైకి చదవండి. నాలుగింటిలోనూ చెప్పడం జరగలేదు. అయినా ఒకటి అనాల్సిన చోట ఇంకొకటి అనరు. “నిన్ననే చెబుదామనుకున్నాను” అంటే ఉద్దేశం ఉంది. “చెప్పబోయాను, ఇంతలో ఆయన వచ్చాడు” అంటే నోటిదాకా వచ్చింది. “నీకు ముందే చెప్పాల్సింది” అంటే బాధ్యత ఉంది, నెరవేరలేదు. “అడిగివుంటే చెప్పేవాణ్ణి” అంటే తప్పు కొంచెం ఎదుటివాడి మీదికి కూడా నెట్టారు.

ఇంగ్లిష్‌లోనూ వీటికి వేర్వేరు ఇళ్లున్నాయి. మొదటిది “ఐ వాజ్ గోయింగ్ టు టెల్ యూ”. రెండోది “ఐ వాజ్ అబౌట్ టు టెల్ యూ”. మూడోది సందర్భాన్ని బట్టి “ఐ వాజ్ సపోజ్డ్ టు టెల్ యూ” కావచ్చు, “ఐ షుడ్ హ్యావ్ టోల్డ్ యూ” కావచ్చు. నాలుగోది “ఐ వుడ్ హ్యావ్ టోల్డ్ యూ”. కాబట్టి సాధన ఇలా మొదలుపెట్టండి: వాక్యం ముందు తెలుగులో పైకి అనుకోండి, క్రియ చివర ఏముందో చూడండి, దాన్ని పట్టుకుని ఇంగ్లిష్‌లోకి వెళ్లండి. “తెలుగులో ఆలోచించకండి” అని చెప్పే మాస్టార్లు ఈ మాటకు నొచ్చుకుంటారు. నొచ్చుకోనివ్వండి. ఈ ఒక్క విషయంలో తెలుగులో ఆలోచించడమే దగ్గరి దారి.

అనుకున్నాను అంటే థాట్ కాదా?

అవుతుంది, అవదు. “అనుకున్నాను” వినగానే మన నాలుక మీదికి “థాట్” వచ్చేస్తుంది. దాని వెనక “టు” తగిలించి “ఐ థాట్ టు కాల్ యూ” అంటాం. ఉద్దేశం చెప్పడానికి ఇప్పటి ఇంగ్లిష్‌లో ఇలా అనరు. “ఐ డిడ్ నాట్ థింక్ టు ఆస్క్” అన్న వాడుక ఉంది కానీ దాని అర్థం వేరు: అడగాలని తట్టలేదు అని.

“ఐ థాట్ ఆఫ్ కాలింగ్ యూ” అంటే గ్రామర్ తప్పేమీ లేదు. అయితే అందులో బలం ఉండదు. మీకు ఫోన్ చేస్తే ఎలా ఉంటుందా అని ఒక ఆలోచన వచ్చి పోయింది అన్నంత పలచగా ఉంటుంది. పెళ్లికి రాలేకపోయినవాడు “ఐ థాట్ ఆఫ్ కమింగ్” అంటే, వద్దామా వద్దా అని ఊగిసలాడి మానేశాడనే ఎదుటివాడు అనుకుంటాడు. “ఐ వాజ్ గోయింగ్ టు కమ్” అంటే నిర్ణయం అయిపోయింది, తర్వాత ఏదో అడ్డొచ్చింది అని. పక్కన “ఐ ఈవెన్ బుక్డ్ ది టికెట్” అని ఒక ముక్క చేరిస్తే అనుమానానికి చోటుండదు.

ఈ “గోయింగ్” చూసి కంగారు పడేవాళ్లుంటారు. ఇక్కడ దానికీ వెళ్లడానికీ సంబంధం లేదు. అందుకే “ఐ వాజ్ గోయింగ్ టు గో” అన్నా ఎవరూ నవ్వరు. మాటల్లో అది “గొన్నా” అయిపోతుంది. వినేటప్పుడు గుర్తుపట్టండి, మెయిల్లో మాత్రం రాయకండి.

పలికే తీరులో ఒక చిన్న కిటుకు ఉంది. “చెబుదామనుకున్నాను” అనడానికీ, “చెబుదామనే అనుకున్నాను” అనడానికీ తేడా మీకు తెలుసు. నువ్వు నన్ను శంకిస్తున్నావు, నా ఉద్దేశం మాత్రం నిజం అని రెండోదానిలో ఆ “ఏ” అక్షరం ఒట్టేస్తోంది. ఇంగ్లిష్‌లో అలా అతికించే అక్షరం లేదు. ఆ పని గొంతు చేస్తుంది. “ఐ వాజ్ గోయింగ్ టు టెల్ యూ” అన్నప్పుడు మామూలుగా “వాజ్” వినిపించీ వినిపించకుండా జారిపోతుంది. దాన్ని పట్టి, సాగదీసి, గట్టిగా పలికితే “చెబుదామనే” వచ్చేస్తుంది. తెలుగువాళ్ల ఇంగ్లిష్‌లో అన్ని మాటలూ ఒకే ఎత్తులో నడుస్తాయి కాబట్టి ఈ తేడా చాలామందికి అందదు. అద్దం ముందు నాలుగుసార్లు అనుకుంటే చాలు, పట్టుబడుతుంది.

ఈ వాక్యాల వెనక “బట్” రావాలి, ఆ వెనక కారణం రావాలి. తెలుగులోనూ “వద్దామనుకున్నాను” అని ఊరుకుంటే ఎదుటివాళ్లు “ఆ, మరి?” అంటారు కదా. ముఖ్యంగా “ఐ ప్లాన్డ్ టు కమ్” అని ఆపేస్తే వచ్చారో రాలేదో కూడా తేలదు. ప్లాన్ వేసుకున్నవాళ్లు వచ్చివుండొచ్చుగా!

హ్యాడ్ చేరితే ఏమవుతుంది

ఆ అనుమానం తీర్చడానికే ఇంగ్లిష్ ఒక పని చేస్తుంది. “ప్లాన్డ్” ముందు “హ్యాడ్” పెడుతుంది. “ఐ హ్యాడ్ ప్లాన్డ్ టు కమ్” అనగానే, రాలేదని వినేవాళ్లకు సగం తెలిసిపోతుంది. స్కూల్లో మనకు చెప్పిన పాస్ట్ పర్ఫెక్ట్ గుర్తు తెచ్చుకోండి: జరిగిన రెండు పనుల్లో ముందుదానికి హ్యాడ్. ఇక్కడ ముందుది ప్లాన్, తర్వాతది ఆ ప్లాన్ చెడిపోవడం. రెండోది పైకి అనకపోయినా “హ్యాడ్” దాన్ని వెంటబెట్టుకునే వస్తుంది. ప్లాన్, హోప్, వాంట్, ఇంటెండ్, మీన్, ఎక్స్‌పెక్ట్ లాంటి క్రియలతో ఇది బాగా నడుస్తుంది.

వీటిలో “హోప్” దగ్గర కాస్త ఆగాలి. ఎందుకంటే ఆఫీసు మెయిళ్లలో ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. విదేశంలో ఉన్న మేనేజర్ ఇలా రాశాడనుకోండి: “ఐ హ్యాడ్ హోప్డ్ టు సీ ది రిపోర్ట్ బై ఫ్రైడే”. చూడ్డానికి ఎంతో మెత్తగా ఉంది. హోప్ ఉంది, తిట్టు లేదు. హైదరాబాద్‌లో మన కుర్రాడు అది చూసి “ష్యూర్, విల్ సెండ్ సూన్” అని హాయిగా జవాబిచ్చి టీకి వెళ్లిపోతాడు. అక్కడ ఆయన రాసింది చురక. శుక్రవారానికల్లా వస్తుందని ఆశ పెట్టుకున్నాను, వమ్ము చేశావు అని ఆ “హ్యాడ్” చెబుతోంది. దానికి తగిన జవాబు క్షమాపణతో మొదలవ్వాలి, ఎప్పుడిస్తారో తేదీతో ముగియాలి.

అదే ఆయన “ఐ వాజ్ హోపింగ్ టు సీ ది రిపోర్ట్ బై ఫ్రైడే” అని రాస్తే తలుపు ఇంకా తెరిచే ఉంది. ఆ మాట బుధవారం నాడు కూడా రాయొచ్చు. శుక్రవారానికి ఇవ్వగలవా అని మర్యాదగా అడగడం అది. మీరు ఎవరినైనా సాయం అడిగేటప్పుడు “వాజ్ హోపింగ్” వాడండి. “హ్యాడ్ హోప్డ్” వాడితే అడగకముందే నిష్ఠూరమాడినట్టు ఉంటుంది. సెలవు అడుగుతూ “ఐ హ్యాడ్ హోప్డ్ టు టేక్ మండే ఆఫ్” అని రాసినవాడికి, “అంటే ఇప్పుడు వద్దా?” అన్న జవాబు వస్తే తప్పు రాసినవాడిదే.

ఎవరు నిర్ణయించారు?

“సపోజ్డ్ టు”లో ఉండేది మీ ఉద్దేశం కాదు, ఏర్పాటు. మీ పై అధికారో, టైమ్ టేబులో, ఒప్పందమో, ఇంట్లో పెద్దవాళ్లో ముందే నిర్ణయించినది. ఆరింటికి రావాల్సిన బండి ఏడైనా రాలేదంటే “ది ట్రెయిన్ వాజ్ సపోజ్డ్ టు కమ్ ఎట్ సిక్స్”. రైలుకు సొంత ఉద్దేశాలేవీ ఉండవు కాబట్టి దీన్ని గుర్తుపెట్టుకోవడం తేలిక.

ఇంటర్వ్యూలో ఈ తేడా తెలియక ఇబ్బంది పడేవాళ్లున్నారు. “వై డిడంట్ యూ డూ ఎం.టెక్.?” అని అడిగితే “ఐ వాజ్ సపోజ్డ్ టు డూ ఎం.టెక్., బట్...” అని మొదలుపెడతారు. అవతల కూర్చున్నవాళ్లకు వినిపించేది ఏమిటంటే, ఇంట్లోవాళ్లు చెయ్యమన్నారు, ఈయన చెయ్యలేదు అని. మీ ఆలోచనే అయితే “ఐ హ్యాడ్ ప్లాన్డ్ టు డూ ఎం.టెక్., బట్ ఐ గాట్ ఎ జాబ్ ఆఫర్ ఇన్ మై ఫైనల్ ఇయర్” అనండి. ప్లాన్ మీది, మార్చుకున్నదీ మీరే. ఇంటర్వ్యూ చేసేవాళ్లకు కావలసింది అదే.

రిపోర్టు ఇవ్వని సంగతే తీసుకుని నాలుగు రకాలుగా చెప్పి చూద్దాం. “ఐ వాజ్ గోయింగ్ టు సెండ్ ఇట్ ఎస్టర్‌డే” అంటే నిన్న పంపుదామనుకున్నాను, అంతే. గడువు ఉందో లేదో తెలియదు. “ఐ వాజ్ సపోజ్డ్ టు సెండ్ ఇట్ ఎస్టర్‌డే” అంటే గడువు నిన్నటితో దాటిందని మీరే ఒప్పుకున్నారు. “ఐ మెంట్ టు సెండ్ ఇట్ ఎస్టర్‌డే” అంటే పంపాలనే ఉంది, పనిలో పడి మర్చిపోయాను అన్న ధ్వని. “ఐ షుడ్ హ్యావ్ సెంట్ ఇట్ ఎస్టర్‌డే” అంటే పంపకపోవడం నా పొరపాటు. జరిగింది ఒక్కటే, మీ మీద మీరు వేసుకునే బరువు మాత్రం నాలుగు రకాలు. క్లయింటుతో మాట్లాడేటప్పుడు మూడోదాన్ని నేను సిఫారసు చెయ్యను. మరిచిపోయానని చెప్పడం స్నేహితుల దగ్గర చెల్లుతుంది, డబ్బిచ్చేవాడి దగ్గర చెల్లదు.

“సపోజ్డ్” చివర డకారం పలకడంలో వినపడదు కనుక రాతలో చాలామంది ఎగ్గొడతారు. రాయాలి. “నాట్ సపోజ్డ్ టు” అయితే కథ మారిపోతుంది: అది “కూడదు”. ఇక్కడ బండి ఆపకూడదు అన్నట్టు. ఈ అధ్యాయానికి దానితో పని లేదు.

శ్రీహరికోట పాఠం

న్యూస్‌పేపర్ ఇంగ్లిష్‌లో ఇంకో రూపం కనిపిస్తుంది: “వాజ్ టు హ్యావ్”. మాటల్లో దీన్ని పెద్దగా వాడరు, చదివేటప్పుడు తెలియాలి. దీనికి శ్రీహరికోట కంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

చంద్రయాన్-2ని 2019 జులై 15 తెల్లవారుజామున ప్రయోగించాలి. కౌంట్‌డౌన్ నడుస్తోంది. ఇంకా 56 నిమిషాలుందనగా రాకెట్‌లో సాంకేతిక లోపం కనిపించడంతో ఆపేశారు. సరిచేసి 22వ తేదీ మధ్యాహ్నం పంపారు. ఈ 15వ తేదీ సంగతిని విలేకరి ఇలా రాస్తాడు: “ది రాకెట్ వాజ్ టు హ్యావ్ లిఫ్టెడ్ ఆఫ్ ఆన్ జులై 15”. అధికారికంగా ఖరారైన కార్యక్రమం, జరగలేదు అని రెండు ముక్కలూ ఇందులోనే ఉన్నాయి. “బట్” అనక ముందే సంగతి తేలిపోతుంది.

మరి “ది రాకెట్ వాజ్ అబౌట్ టు లిఫ్ట్ ఆఫ్” అనొచ్చా? 56 నిమిషాల ముందు ఆగినదానికి నేనైతే అనను. “అబౌట్ టు” అంటే మన “బోయాను”. పడబోయాను అంటే కాలు జారింది, ఒళ్లు తూలింది, ఆఖరి క్షణంలో నిలదొక్కుకున్నాను. గంట ముందు పడబోయేవాళ్లు ఉండరు. అదే ఏడాది సెప్టెంబర్ 7న చంద్రయాన్-2లోని విక్రమ్ ల్యాండర్ చంద్రుడి మీదికి దిగుతుంటే, ఉపరితలానికి 2.1 కిలోమీటర్ల ఎత్తు దాకా అంతా సవ్యంగా సాగుతున్నట్టే కనిపించింది, ఆ తర్వాత సంబంధాలు తెగిపోయాయి. ఆ రాత్రి టీవీల ముందు మేలుకుని కూర్చున్నవాళ్లకు ఎవరూ వివరించక్కర్లేదు. “ఇట్ వాజ్ అబౌట్ టు ల్యాండ్ వెన్ ది సిగ్నల్ వాజ్ లాస్ట్”. ఇక్కడ “అబౌట్ టు” అతికినట్టు సరిపోతుంది. దాని వెనక “బట్” కంటే “వెన్” బాగుంటుందన్నది కూడా గమనించండి. “చెప్పబోయాను, ఇంతలో” అంటాం కదా. ఆ “ఇంతలో”యే ఈ “వెన్”.

“హ్యావ్” లేని ఉత్త “వాజ్ టు”తో జాగ్రత్త. అది రెండు వైపులా పోతుంది. పి.వి. నరసింహారావు 1991 లోక్‌సభ ఎన్నికల్లో పోటీ చెయ్యలేదు. రాజకీయాలకు దాదాపు దూరమై ఢిల్లీ విడిచి వచ్చేసే ఏర్పాట్లలో ఉన్నారు. మే 21న రాజీవ్ గాంధీ హత్య జరిగింది. జూన్ 21న పి.వి. ప్రధానిగా ప్రమాణం చేశారు. “హీ వాజ్ గోయింగ్ టు లీవ్ ఢిల్లీ” అన్నది జరగనిది. “హీ వాజ్ టు బికమ్ ప్రైమ్ మినిస్టర్” అన్నది జరిగినది. తర్వాత కాబోయేది ముందే తెలిసినట్టు చెప్పే చరిత్రకారుడి గొంతు అది. రెండూ ఒక మనిషి జీవితంలో ఒక్క నెల తేడాతో ఉన్నాయి. “హీ వాజ్ టు హ్యావ్ బికమ్” అని “హ్యావ్” చేరిస్తే చరిత్ర తలకిందులై, ఆయన ప్రధాని కాలేదని అర్థం వస్తుంది.

తెలిసివుంటే వచ్చేవాణ్ణి

“వచ్చేవాణ్ణి”, “వచ్చేదాన్ని” తెలుగులో రెండు పనులు చేస్తాయి. “చిన్నప్పుడు రోజూ ఈ గుడికి వచ్చేవాణ్ణి” అంటే అలవాటు, వచ్చినమాట నిజం. “తెలిసివుంటే వచ్చేవాణ్ణి” అంటే రాలేదు. ఇంగ్లిష్‌లో అలవాటుకు “ఐ వుడ్ కమ్” లేదా “ఐ యూజ్డ్ టు కమ్”, రానిదానికి “ఐ వుడ్ హ్యావ్ కమ్”. మనకు ఒక్క మాటే కాబట్టి రెండోచోట కూడా “హ్యావ్” మింగేసి “ఇఫ్ ఐ న్యూ, ఐ వుడ్ కమ్” అంటాం. అది గడిచిపోయినదాని గురించి చెప్పినట్టుండదు. సరైనది “ఇఫ్ ఐ హ్యాడ్ నోన్, ఐ వుడ్ హ్యావ్ కమ్”. “ఇఫ్” ఉన్న సగంలో “వుడ్” పెట్టకండి. అమెరికాలో పుట్టిపెరిగినవాళ్లు కూడా మాటల్లో పెడుతుంటారు; వాళ్లకు చెల్లుతుంది, మన మెయిల్లో తప్పుగానే లెక్కగడతారు.

ఇంకో సంగతి, “వుడ్ హ్యావ్” ఉద్దేశం చెప్పదు. ముందు అనుకోనిదాన్ని కూడా దీనితో చెప్పొచ్చు. కారణం చెప్పకుండా “ఐ వుడ్ హ్యావ్ కమ్ టు యువర్ వెడ్డింగ్” అని వదిలేస్తే “పిలిచివుంటే వచ్చేవాణ్ణి” అన్నట్టు వినిపించే ప్రమాదం ఉంది. లక్నో స్నేహితుడు పాపం పిలిచాడు కూడా.

ఇంకా పోనిది

ఇప్పటిదాకా చెప్పినవన్నీ ముగిసిపోయిన అవకాశాలు. ఒకటి మాత్రం ఇంకా ప్రాణంతో ఉన్నది: “చేద్దాం చేద్దాం అనుకుంటూనే ఉన్నాను”. తెలుగులో క్రియను రెండుసార్లు పలికి, “అనుకుంటూనే ఉన్నాను” అని సాగదీసి రోజుల తరబడి నడుస్తున్న ఉద్దేశాన్ని చెబుతాం. ఇంగ్లిష్‌లో దానికి సరిగ్గా సరిపోయేది “ఐ హ్యావ్ బీన్ మీనింగ్ టు కాల్ యూ”. ఎన్నాళ్లుగానో చెయ్యలేదన్న ఒప్పుకోలు ఉంది, చేస్తానన్న మాటా ఉంది. చాలాకాలం పలకరించని పాత మేనేజర్‌కో, కాలేజీలో పాఠం చెప్పిన వేరే రాష్ట్రం మాస్టారికో ఉత్తరం మొదలుపెట్టడానికి దీన్ని మించిన వాక్యం లేదు.

మిగతా రూపాల్లో చాలావాటి వెనక “బట్” పెట్టాం. దీని వెనక పెట్టకండి. “ఐ హ్యావ్ బీన్ మీనింగ్ టు కాల్ యూ, బట్ ఐ వాజ్ వెరీ బిజీ” అంటే చదివేవాళ్లకు మన బిజీయే మిగులుతుంది. ఫుల్‌స్టాప్ పెట్టి, వెంటనే తేదీ అడగండి: “ఐ హ్యావ్ బీన్ మీనింగ్ టు కాల్ యూ. ఆర్ యూ ఫ్రీ ఆన్ సండే మార్నింగ్?” ఈ అధ్యాయానికి హోంవర్క్ ఈ రెండు వాక్యాలే. ఎవరికి పంపాలో మీకు ఇప్పటికే తట్టి ఉంటుంది. వాట్సాప్‌లో పంపినా పనికొస్తుంది.